శస్త్రచికిత్స సూదులు, కుట్టు దారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్జరీ నేర్చుకుంటున్న డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్ నర్సులు, వైద్య పరికరాల డిజైన్‌లో ఉన్న ఇంజినీర్లు పదేపదే అడిగే ప్రశ్నలివి. సూదినీ దారాన్నీ విడివిడిగా కాక ఒకే పరికరంగా చూస్తే వీటిలో చాలావాటికి జవాబు సులువుగా దొరుకుతుంది. ఫలానా రోగికి ఏది వాడాలన్నది మాత్రం ఆ గాయాన్ని కళ్లారా చూస్తున్న సర్జన్ తేల్చాల్సిన విషయం.

కుట్టు చేయాల్సిన పని అసలు ఏమిటి?

గాయం అంచుల్ని ఒకదానికొకటి ఆనించి, కదలకుండా పట్టి ఉంచడం. మాన్పేది శరీరమే. అందుకు అంచుల దాకా రక్తం అందాలి. కుట్టు బిగుసుకుపోతే ఆ రక్తమే ఆగిపోతుంది. మొదటి రెండు మూడు రోజుల్లో కణజాలం వాస్తుంది కాబట్టి, ఆపరేషన్ బల్ల మీద సరిపోయినట్టు కనిపించిన బిగువు మర్నాటికే ఎక్కువైపోతుంది. అందుకే అంచులు తాకితే చాలు, నొక్కుకోకూడదు.

చర్మ గాయానికి వారం తర్వాత ఉండే బలం, మామూలు చర్మంతో పోలిస్తే నూటికి 3 నుంచి 5 వంతులే. మూడు వారాలకు సుమారు 20 శాతం వస్తుంది. ఎన్నాళ్లు గడిచినా 80 శాతం దాటదు. కుట్టు ఎన్ని రోజులు బరువు మోయాలో ఈ అంకెలే చెబుతాయి. దారం ఎంపిక అక్కడి నుంచి మొదలుకావాలి, అలవాటు నుంచి కాదు.

ప్యాకెట్ మీద 3-0, 1 అని ఉంటాయి. వాటి అర్థం?

అది యూఎస్‌పీ, అంటే అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథం, ప్రకారం ఇచ్చే సైజు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. 3-0 అంటే మూడు సున్నాలు. సింథటిక్ దారాల్లో 1 సైజు మందం 0.40 నుంచి 0.499 మి.మీ., 2-0 అయితే 0.30 నుంచి 0.339, 3-0 అయితే 0.20 నుంచి 0.249, 5-0 అయితే 0.10 నుంచి 0.149 మి.మీ. ఉంటుంది. కంటికి వాడే 10-0 మందం 0.020 నుంచి 0.029 మి.మీ. మాత్రమే. పక్కనే ఉండే మెట్రిక్ అంకె ఇంకా తేలిక: మిల్లీమీటరులో పదో వంతుల లెక్క. మెట్రిక్ 2 అంటే 0.2 మి.మీ.

ఒక్క తేడా గుర్తుంచుకోవాలి. పేగు నుంచి చేసే సహజ దారం క్యాట్‌గట్‌కు కొలతల పట్టిక వేరు. అదే సైజు పేరున్నా సింథటిక్ దారం కంటే లావుగా ఉంటుంది.

లావు దారం వాడితే కుట్టు గట్టిగా ఉంటుంది కదా?

దారం గట్టిగా ఉంటుంది, కుట్టు కాదు. కుట్టు విఫలమైనప్పుడు దారం తెగడం అరుదు. దారం కణజాలాన్ని జున్నును తీగ కోసినట్టు కోసుకుంటూ బయటికి రావడమే ఎక్కువ. దారాన్ని లావు చేస్తే దానికి మందు దొరకదు. ఎంత కణజాలాన్ని పట్టాం, కుట్ల మధ్య ఎంత ఎడం ఉంచాం, ఎంత బిగించాం అన్నవే దాన్ని ఆపుతాయి.

లావు దారానికి మరో ఖర్చుంది. ముడి ఆకారం అదే ఉంటే దాని ఘనపరిమాణం దారం మందానికి ఘనంలో పెరుగుతుంది. మందం రెట్టింపైతే ముడి ఎనిమిది రెట్లు. శరీరం దృష్టిలో అది ఎనిమిది రెట్ల పరాయి వస్తువు. సన్నటి మనిషి చర్మం కింద వేళ్లకు తగిలే, ఒక్కోసారి పుండై బయటపడే గడ్డలు చాలావరకు ఈ లావు ముడులే. కణజాలం తట్టుకునే బలం కంటే దారం బలం కాస్త ఎక్కువుంటే చాలు.

కరిగే దారాలు ఎన్నాళ్లుంటాయి?

ఇక్కడ రెండు గడియారాలు నడుస్తాయి: పట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది, పదార్థం ఎన్నాళ్లకు మాయమవుతుంది. గాయానికి కావాల్సింది మొదటిది. ప్యాకెట్ మీద కళ్లు పడేది రెండోదాని మీద.

పాలీగ్లాక్టిన్ 910 తీసుకోండి, విక్రిల్ పేరుతో అందరికీ తెలిసిందే. దీన్ని 90 పాళ్లు గ్లైకోలైడ్, 10 పాళ్లు లాక్టైడ్‌తో చేస్తారు. రెండు వారాలకు 75 శాతం, మూడు వారాలకు 50 శాతం, నాలుగు వారాలకు 25 శాతం బలం మిగులుతుంది. పూర్తిగా కరగడానికి 56 నుంచి 70 రోజులు పడుతుంది. అంటే రెండో నెలలో శరీరంలో ఉన్న దారం ఏ బరువూ మోయడం లేదు. విక్రిల్ రాపిడ్‌లో అయిదు రోజులకే సగం బలం పోతుంది, రెండు వారాల్లో ఏమీ మిగలదు. నోటి లోపలి పొరకు, పిల్లల చర్మానికి అది చాలు. పీడీఎస్ నెమ్మది: నాలుగు వారాలకు సుమారు సగం బలం ఉంటుంది, కరగడానికి ఆరు నెలల పైనే పడుతుంది. మోనోక్రిల్ బలం రెండు వారాలకు 20–30 శాతానికి దిగిపోతుంది. చర్మం కింది పొరకు అది హాయిగా సరిపోతుంది, పొట్ట గోడకు పనికిరాదు.

సింథటిక్ దారాలు నీటి అణువుల వల్ల, అంటే జలవిశ్లేషణతో తెగుతాయి. అందుకే వాటి వేగాన్ని ముందే చెప్పగలం. క్యాట్‌గట్ జంతువుల పేగు కొల్లాజెన్‌తో చేసినది, దాన్ని శరీరంలోని ఎంజైములు తినేస్తాయి. చీము పట్టిన చోట, జీర్ణరసాలు తగిలే చోట ఆ వేగం ఎంతకు పెరుగుతుందో ఎవరూ లెక్క కట్టలేరు. సాదా క్యాట్‌గట్ పట్టు 7–10 రోజులు, క్రోమిక్‌ది 10–14 రోజులు అని చెప్పుకున్నా అది శుభ్రమైన గాయం మాట.

కరగనివి అంటే ఎప్పటికీ ఉంటాయా?

అన్నీ కాదు. సిల్క్ ఏడాదిలో దాదాపు బలమంతా కోల్పోతుంది. నైలాన్ ఏటా 15–20 శాతం చొప్పున బలహీనపడుతుంది. కృత్రిమ గుండె కవాటాన్నో, రక్తనాళపు గొట్టాన్నో జీవితాంతం పట్టి ఉంచాలంటే ఇవి పనికిరావు. అక్కడ పాలీప్రొపైలీన్, పాలియెస్టర్, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) కావాలి.

అల్లిన దారమా, ఒంటిపోగు దారమా?

అల్లిన దారం చేతికి మెత్తగా లొంగుతుంది, ముడి జారదు. పోగుల మధ్య సందుల్లో ద్రవం వత్తిలో నూనెలా పాకుతుంది, దాంతోపాటు బ్యాక్టీరియా కూడా. మలినమైన గాయంలో సిల్క్ వేయకూడదనడానికి కారణం ఇదే. ఒంటిపోగు దారం, అంటే మోనోఫిలమెంట్, నున్నగా జారిపోతుంది, కణజాలాన్ని ఒరుసుకోదు, సూక్ష్మజీవులకు గూడు ఇవ్వదు. కానీ ప్యాకెట్‌లో చుట్టిన ఆకారాన్ని మరిచిపోదు, ముడి విప్పుకోవాలని చూస్తుంది.

మోనోఫిలమెంట్‌తో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. దారాన్ని చిమటా లాంటి ఫోర్సెప్స్‌తోనో, సూదిని పట్టే పరికరమైన నీడిల్ హోల్డర్ దవడలతోనో నొక్కి పట్టుకుంటారు. కంటికి కనిపించని ఆ నొక్కు దగ్గరే రెండు రోజుల తర్వాత తెగుతుంది. కత్తిరించి పారేసే చివరను తప్ప లోపల మిగిలే భాగాన్ని పరికరంతో పట్టుకోవద్దు.

పాలీప్రొపైలీన్‌కు ఇంకో గుణం ఉంది: వాపుతో పాటు సాగుతుంది, వాపు తగ్గాక వెనక్కి ముడుచుకోదు. చర్మాన్ని కోయదన్నది లాభం, తర్వాత వదులవుతుందన్నది నష్టం.

సూది వంపును ఎలా ఎంచుకోవాలి?

వంపును వృత్తంలో భాగంగా చెబుతారు: పావు, 3/8, సగం, 5/8. పావు వంపు కంటి పనికి, 3/8 చర్మానికి, సగం వంపు లోపలి పొరలకు, 5/8 కటి లోపలిలాంటి ఇరుకు లోతులకు వాడతారు.

ప్యాకెట్ మీద రాసే పొడవు వంపు వెంట కొలిచినది. నిజంగా ఎంత చోటు కావాలో దాన్నిబట్టి తెలియదు. 26 మి.మీ. సూదినే రెండు వంపుల్లో చూద్దాం. సగం వృత్తమైతే వ్యాసార్ధం 8.3 మి.మీ., మొన నుంచి తోక దాకా తిన్నని దూరం 16.6 మి.మీ. 3/8 అయితే వ్యాసార్ధం 11 మి.మీ., తిన్నని దూరం 20.4 మి.మీ. మొదటిది ఇరుకులో లోతుగా మునిగి దగ్గరలోనే పైకి తేలుతుంది, కానీ మణికట్టు బాగా తిప్పాలి. రెండోది తక్కువ తిప్పుతో వెడల్పుగా, తక్కువ లోతులో పోతుంది. లోతైన గోతిలో 3/8 సూది వేస్తే మొన పైకి రాకముందే తోక గోడకు తగిలి ఆగిపోతుంది. అప్పుడు బలవంతం చేస్తే సూది వంగుతుంది, లేదా కణజాలం చిరుగుతుంది.

మొనల్లో ఇన్ని రకాలెందుకు?

కణజాలాల్లో అన్ని రకాలు ఉన్నాయి కాబట్టి. గుండ్రని మొన, అంటే టేపర్, కోయకుండా పోగుల్ని పక్కకు నెట్టుకుంటూ పోతుంది. దారం చుట్టూ కణజాలం మళ్లీ మూసుకుంటుంది. పేగుకు, రక్తనాళానికి, పొట్ట లోపలి పొర అయిన పెరిటోనియానికి ఇదే సరైనది, ఎందుకంటే అక్కడ కారకూడదు. చర్మం గట్టిది, దానికి అంచులున్న కటింగ్ సూది కావాలి. టేపర్‌కట్‌లో మొన మాత్రమే కోస్తుంది, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది. గట్టిపడ్డ రక్తనాళానికి, కండను ఎముకకు కలిపే టెండన్‌కు వాడతారు. కంటి పొరల మధ్య పాకాల్సిన స్పాచులా సూది చదునుగా, పక్క అంచులతో ఉంటుంది.

సుశ్రుత సంహితలోనే తక్కువ మాంసం ఉన్న చోటికి, కీళ్లకు గుండ్రని సూది, కండగల చోటికి మూడంచుల సూది, పొట్ట వంటి చోట్లకు విల్లులా వంగిన సూది అని విభజించి చెప్పారు. ఉక్కు మారింది, తర్కం మారలేదు.

కటింగ్‌కూ రివర్స్ కటింగ్‌కూ తేడా ఏమిటి?

మామూలు కటింగ్ సూదిలో మూడో అంచు వంపు లోపలి వైపు, అంటే గాయం వైపు ఉంటుంది. సూది చేసిన రంధ్రం త్రికోణమైతే దాని మూల గాయం వైపే చూస్తుంది. కుట్టు లాగే దిశ కూడా అదే. దారం వచ్చి ఆ మూలలో కూర్చుని, అక్కడి నుంచి గాయం దాకా చీల్చుకుంటూ పోతుంది. రివర్స్ కటింగ్‌లో అంచు వంపు బయటి వైపుకు వెళ్తుంది, గాయం వైపు త్రికోణం చదునైన భుజం మిగులుతుంది. దారం ఆ భుజానికి ఆనుకుంటుంది కాబట్టి చీలదు. పైగా అంచు బయటి వైపు ఉంటే సూది వంగకుండా గట్టిగా కూడా నిలుస్తుంది. చర్మానికి రివర్స్ కటింగే వాడమంటాం.

సూది ఎందుకు వంగుతుంది, ఎందుకు విరుగుతుంది?

గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే గుణం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. సూదిని 10 శాతం సన్నం చేస్తే దృఢత్వం మూడో వంతుకు పైగా పడిపోతుంది. సన్నం చేయకపోతే రంధ్రం పెద్దదవుతుంది. సూది డిజైన్ అంతా ఈ రెంటి మధ్య పెనుగులాటే. వేడితో గట్టిపరిచే స్టెయిన్‌లెస్ ఉక్కు మిశ్రమాలు, పట్టు జారకుండా చదును చేసిన ఒళ్లు, రాపిడి తగ్గించే సిలికాన్ పూత, ఉక్కు కంటే రెట్టింపు దాకా దృఢత్వం ఉన్న టంగ్‌స్టన్–రీనియం మిశ్రమం, అన్నీ దీనికోసమే వచ్చాయి.

గట్టితనం ఒక్కటే చాలదు. మరీ గట్టిదైతే వంగకుండా టక్కున విరుగుతుంది, ముక్క రోగి లోపల పోతుంది. మంచి సూది ముందు వంగి హెచ్చరించాలి. వంగినదాన్ని తిరిగి సరిచేసి వాడొద్దు. ఆ చోట లోహం అప్పటికే అలిసిపోయి ఉంటుంది, రెండోసారి విరుగుతుంది.

సూదిని ఎక్కడ పట్టుకోవాలి, ఎలా పోనివ్వాలి?

దారం అతికిన చివర నుంచి మూడో వంతుకూ సగానికీ మధ్య, నీడిల్ హోల్డర్ దవడల కొసతో, దవడలకు లంబంగా పట్టాలి. దారం అతికిన చోట లోహం బోలుగా ఉంటుంది, అక్కడ పడితే నలుగుతుంది. గట్టి కణజాలమైతే పట్టును మొన వైపు కాస్త జరపండి, వంచే బలం తగ్గుతుంది.

చర్మంలోకి 90 డిగ్రీల కోణంలో దించి, మణికట్టు తిప్పుతూ సూది వంపు వెంటే పోనివ్వాలి. నెట్టకూడదు, తిప్పాలి. పైన కంటే లోపల కొంచెం వెడల్పుగా కణజాలం పడితే ముడి వేసినప్పుడు అంచులు బయటికి కాస్త పొంగుతాయి. మచ్చ సమంగా చదునవడానికి ఆ పొంగు అవసరం. ఏటవాలుగా దించితే అంచులు లోపలికి ముడుచుకొని గాడిలాంటి మచ్చ పడుతుంది. బయటికి వచ్చిన సూదిని దాని నడిమి భాగం దగ్గర పట్టి లాగాలి. మొనను పడితే మొద్దుబారుతుంది, మిగతా కుట్లన్నీ కష్టమవుతాయి.

కన్ను ఉన్న సూదులు ఎందుకు తగ్గిపోయాయి?

కన్నులోంచి దారం రెండు పేటలుగా మడతపడి సూది వెనకే దూరుతుంది, రంధ్రం చిరుగుతుంది. ఇప్పటి సూది తోకలో లేజర్‌తో తొలిచిన రంధ్రంలో దారాన్ని పెట్టి లోహాన్ని నొక్కి బిగిస్తారు, దీన్నే స్వేజింగ్ అంటారు. సూది కొత్తది, పదునైనది, దారం ఒకే పేట.

అయినా సూది దారం కంటే లావే. రక్తనాళంలో ఆ తేడా వల్లనే కుట్టు రంధ్రం దగ్గర రక్తం ఊరుతుంది. పీటీఎఫ్ఈ దారంలో గాలి సందులుంటాయి కాబట్టి దాన్ని కుదించి తన మందం కంటే చిన్న రంధ్రంలో బిగించగలరు. అందుకే సూది, దారం మందాలు దాదాపు సమానమవుతాయి, రంధ్రం నిండుతుంది. కంట్రోల్ రిలీజ్ రకంలో సూది తిన్నగా లాగితే ఊడేలా బిగింపును కావాలనే తగ్గిస్తారు. విడివిడి కుట్లు చాలా వేయాల్సినప్పుడు సమయం కలిసొస్తుంది.

ఎన్ని థ్రోలు వేయాలి?

థ్రో అంటే ముడిలో దారాన్ని ఒకసారి చుట్టి బిగించడం. స్క్వేర్ నాట్‌గా, అంటే ఒకదానికొకటి ఎదురు దిశలో వేస్తే సిల్క్‌కు 3, పూత ఉన్న అల్లిక దారానికి 4, నైలాన్, పాలీప్రొపైలీన్‌కు 5–6 సాధారణంగా చాలు. ఒకే దిశలో వేస్తూ పోతే గ్రానీ నాట్ అవుతుంది, ఎన్ని వేసినా జారుతుంది. చివరలు 3 మి.మీ. వదిలి కత్తిరించండి. సరిగా పడని ముడిని అదనపు థ్రోలతో కాపాడుకోలేం, పరాయి వస్తువును పెంచుకుంటాం.

పొట్ట మూసేటప్పుడు 4:1 అంటారు. అది ఎలా లెక్కించాలి?

వాడిన దారం పొడవు గాయం పొడవుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలని. సర్జన్ జెంకిన్స్ 1976లో చెప్పిన సూత్రం ఇది. ఆపరేషన్ తర్వాత పొట్ట ఉబ్బితే గాయం పొడవు 30 శాతం దాకా పెరగొచ్చు. దారంలో ఆ మేరకు వదులు లేకపోతే ఫేషియాను, అంటే కండను కప్పి ఉండే గట్టి పొరను, కోస్తుంది.

లెక్క సులువు. గాయం 20 సెం.మీ. అనుకోండి. 70 సెం.మీ. దారాలు రెండు తీసుకున్నారు, మొత్తం 140. ముడులు వేశాక కత్తిరించి తీసేసిన ముక్కలు కొలిస్తే 25, 20, కలిపి 45. అంటే వాడింది 95 సెం.మీ. 95ను 20తో భాగిస్తే 4.75. సరిపోయింది. కొలవడానికి అర నిమిషం పడుతుంది. ఇంత తేలికైన నాణ్యతా పరీక్షను వదిలేయడం మాకు బాధగానే ఉంటుంది.

అయితే ఆ నాలుగు రెట్లు పెద్ద పట్టులతో కాదు, చిన్న పట్టులతో రావాలి. పట్టు అంటే ఇక్కడ ఒక్కో కుట్టులో చిక్కే కణజాలం. 560 మందితో నెదర్లాండ్స్‌లో జరిగి 2015లో ప్రచురితమైన స్టిచ్ ట్రయల్‌లో ఒక పద్ధతి అంచుకు 5 మి.మీ. దూరంలో, 5 మి.మీ. ఎడంతో, 2-0 దారం, 31 మి.మీ. సూదితో కుట్టడం. రెండోది ఒక సెంటీమీటరు పట్టు, ఒక సెంటీమీటరు ఎడం. ఏడాదికి హెర్నియా వచ్చినవారు మొదటి వర్గంలో 13 శాతం, రెండో వర్గంలో 21 శాతం. పెద్ద పట్టులో కొవ్వు, కండ కూడా చిక్కుకుంటాయి. అవి నలిగి కుంచించుకుపోయాక కుట్టు వదులై అంచులు విడిపోతాయి. చిన్న పట్టులో ఫేషియా మాత్రమే ఉంటుంది. పెద్ద సూదితో చిన్న పట్టు రాదు కాబట్టి ఇక్కడ సూది సైజే పద్ధతిని నిర్ణయిస్తుంది.

ముళ్ల దారాలు నిజంగా లాభమా?

బార్బ్‌డ్ దారానికి అమెరికాలో 1964లోనే పేటెంట్ ఉంది, వాడకానికి అక్కడి ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2004లో వచ్చింది. ముళ్లు కణజాలాన్ని పట్టుకుంటాయి కాబట్టి ముడి అక్కర్లేదు, బిగువు కుట్టు పొడవునా సమంగా పంచుకుంటుంది. చిన్న రంధ్రాల ద్వారా చేసే ల్యాప్రోస్కోపీలో ఇది పెద్ద ఊరట. ముళ్లు కోయడంతో నడిమి భాగం సన్నబడుతుంది, కాబట్టి ప్యాకెట్ మీది సైజు ముళ్లకు ముందుదా, తర్వాతదా అన్నది తయారీదారు వివరాల్లో చూసుకోవాలి. బయటికి వదిలిన కొస పేగును పట్టుకుని అడ్డుపడిన సందర్భాలున్నాయి. కొసను కణజాలం మట్టానికి కత్తిరించండి. వెనక్కి లాగి సరిచేయడం కూడా కుదరదు.

బ్యాక్టీరియాను అడ్డుకునే ట్రైక్లోసాన్ పూత ఉన్న దారాలు వాడాలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో, గాయం ఇన్‌ఫెక్షన్ తగ్గించడానికి వీటిని షరతులతో సూచించింది. మంచి పద్ధతికి తోడుగా పనికొస్తాయి, దానికి బదులుగా కాదు.

చేతికి సూది గుచ్చుకోవడం తగ్గించే డిజైన్ ఉందా?

ఉంది, మొద్దు మొన సూది. చర్మాన్ని సులువుగా గుచ్చదు, కానీ ఫేషియా, కండ లోంచి పోతుంది. వాటిని కుట్టేటప్పుడు ఇవే వాడమని అమెరికాలో ఎఫ్‌డీఏ, ఉద్యోగుల భద్రత చూసే సంస్థలు నియోష్, ఓషా 2012లో కలిసి ప్రోత్సహించాయి. కాస్త ఎక్కువ బలం పెట్టాలి, కొన్ని కేసులు చేశాక చెయ్యి అలవాటుపడుతుంది.

చర్మం కుట్లు ఎన్ని రోజులకు తీయాలి?

ముఖానికి 3–5 రోజులు, తలకు 7–10, ఛాతీ పొట్టలకు 7–10, కాళ్లూచేతులకు 10–14, కీళ్ల మీద, అరికాలికి 14 దాకా. ఎక్కువ రోజులు ఉంచితే దారం పోయిన దారి వెంట చర్మపు పై పొర లోపలికి పెరిగి నిచ్చెన మెట్ల లాంటి మచ్చలు పడతాయి. తీసేటప్పుడు చర్మానికి ఆనుకున్న చోట కత్తిరించి, గాయం వైపుకే లాగండి. బయట ఉన్న మురికి దారం లోపలి నుంచి పోకూడదు, అంచులూ విడిపోకూడదు.

కొత్త సూది, దారం బాగున్నాయని ఎలా పరీక్షిస్తారు?

గుచ్చడానికి పట్టే బలానికి ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఎఫ్3014, సూది వంగడానికి పట్టే బలానికి ఎఫ్1874 పద్ధతులున్నాయి. దారం వ్యాసం, సూది–దారం అతుకు, తన్యబలం యూఎస్‌పీ 861, 871, 881 అధ్యాయాల్లో ఉంటాయి. ఒక్కసారి గుచ్చి చూస్తే చాలదు. ఒకే సూదితో పదేపదే గుచ్చి, పదును, పూత ఎంత త్వరగా తగ్గుతున్నాయో చూడాలి. మొదటి కుట్టుకు వెన్నలా దిగి పదో కుట్టుకు మొండికేసే సూది చేతికి అబద్ధం చెబుతుంది: సర్జన్ తెలియకుండానే బలం పెంచుతాడు, మొన అనుకున్న చోట తేలదు.

ప్యాకెట్ తెరిచి వాడకుండా మిగిలిన దారాన్ని మళ్లీ స్టెరిలైజ్ చేయవచ్చా?

కరిగే దారాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాన్ని కరిగించేది నీరే. తయారీదారు తేమను తీసేసి, తేమ చొరని రేకు పొరలో మూసింది అందుకే. రేకు చించిన క్షణం నుంచి గాలిలోని తేమతో బలం తరగడం మొదలవుతుంది. ఆటోక్లేవ్ ఆవిరి ఆ పనిని ఒక్క పూటలో పూర్తి చేస్తుంది, గామా కిరణాలు అణువుల గొలుసుల్నే తెంపుతాయి. చూపుకు మాత్రం దారం అలాగే ఉంటుంది. తెగేది లోపల, మూడో రోజో నాలుగో రోజో. కాబట్టి సర్జన్ అడిగాకే రేకు చించండి.